తీగలపాడు, వయా ఉదయగిరి

మా మనవరాలు కంప్యూటర్‌లో ఊరు కడుతుంది. సెలవులకు వచ్చిందంటే అదే పని. గోడలు లేపుతుంది, కాలువ తవ్వుతుంది, నచ్చకపోతే కొండను పక్కకు జరుపుతుంది. దానితో కలిసి కట్టే నేస్తాలు ఇంకో నలుగురున్నారు. వాళ్ళెవరో, ఎక్కడుంటారో దానికి తెలియదు. ఒకరి పేరు ఏదో పక్షి పేరు, ఇంకొకరి పేరు నిండా అంకెలే. "పేరు కూడా తెలియని వాళ్ళతో ఏం స్నేహమే?" అని వాళ్ళమ్మ కేకలేస్తుంటే నేను నోరు మెదపకుండా కూర్చుంటాను. మామూలుగా నోరు మెదపకుండా ఉండే రకాన్ని కాను నేను. కానీ ఈ విషయంలో ఏమని మాట్లాడను? దాని వయసుకు కాస్త పైబడ్డాక నేనూ పేర్లు తెలియని ముగ్గురితో కలిసి ఏళ్ళ తరబడి ఒక ఊరు కట్టాను. అప్పటికి మా పక్కల కంప్యూటర్ అన్న మాట కూడా ఎవరూ వినలేదు. ఆత్మకూరు నుంచి సీతారామపురం దాకా స్తంభాల మీద సాగిన ఒక తీగ ఉండేది, ఆ తీగ మీద కట్టాం.

డెబ్బైల నడుమ నాకు ఆత్మకూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది. మా నాయనకు బజారులో బెల్లం మండీ ఉండేది. కూతురు ఉద్యోగం చేయడం ఆయనకు పెద్ద అభ్యంతరం కాదు. రోజంతా ముక్కూమొహం తెలియని మగవాళ్ళకు "హలో" అంటుందనేదే బాధ.

"పలకరింపే కదా నాయనా" అంటే, "ఆ పలకరించేదేందో మన అంగట్లో కూచొని పలకరించు, గిరాకీ అన్నా పెరగతాది" అనేవాడు.

ఎక్స్ఛేంజి అంటే రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో బీరువా అంత చెక్క బోర్డు, దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు, ఒక్కోదానికి ఒక్కో రేకు మూత. ఊళ్ళో ఎవరైనా ఫోను పిడి తిప్పితే వాళ్ళ మూత టక్కున కిందికి పడేది. నేను తాడు గుచ్చి నంబరు అడిగి, వాళ్ళు అడిగిన చోట రెండో తాడు గుచ్చేదాన్ని. పొరుగూరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసుకుని లైను దొరికేదాకా కాచుకోవలసిందే. ఆలస్యమైతే తిట్లు నాకు పడేవి. నేనూ ఊరుకునేదాన్ని కాదులెండి. "లైను నా చెంగున కట్టుకొని కూచోలా" అని ఒక రైసు మిల్లు ఆసామిని అన్నందుకు సూపర్వైజరు నన్ను పిలిపించి గంటసేపు మందలించాడు.

పడమటి లైను నా చేతి కింద ఉండేది. దుత్తలూరు పోస్టాఫీసులో ఒక ఫోను, ఉదయగిరిలో మా దానిలో సగం ఉండే ఎక్స్ఛేంజి, అక్కడి నుంచి ఆ కొసన సీతారామపురం పోస్టాఫీసులో ఒక ఫోను. అంతే ఆ లైను. లైను మీద మాకు పేర్లుండవు. ఎవరు ఏ ఊళ్ళో కూర్చుంటే ఆ ఊరి పేరే వాళ్ళ పేరు. "ఉదయగిరీ, ఆత్మకూరును మాట్లాడతా ఉండా" అని మొదలుపెట్టాలి. ఒకసారి పెళ్ళిలో ఎవరో వెనక నుంచి "ఆత్మకూరుకు పోయే బస్సేది?" అంటే నేను "ఆఁ, చెప్పండి" అని పలికాను. అంతగా అలవాటైపోయింది.

పొద్దున్నే డ్యూటీ ఎక్కగానే మొదటి పని లైను టెస్టింగు. కాకి గూడో, గాలిపటం దారమో, విరిగిన కొమ్మో తీగకు తగులుకుని ఉంటుంది. మాట సన్నగా వస్తోందా, గరగరలాడుతోందా, నడుమ తెగుతోందా తేల్చాలంటే ఎదుటివాళ్ళు కాసేపు ఆపకుండా మాట్లాడాలి. అందుకని అందరూ అంకెలు చదివేవాళ్ళు. ఒకటి, రెండు, మూడు అంటూ, పలక పట్టుకున్న పిల్లల్లాగా.

ఉదయగిరిలో పగటి డ్యూటీ చేసేది ఒక పెద్దాయన. వాళ్ళ ఊరి వాళ్ళతో ఉర్దూలోనూ, మాతో తెలుగులోనూ మాట్లాడేవాడు. నేను భాయ్ అనేదాన్ని, ఆయన నన్ను బేటీ అనేవాడు. ఒక పొద్దున ఇరవై దాకా చదివి ఆపేశాడు.

"ఇంక నా వల్ల గాదు బేటీ. ఈ వయసులో ఏంది ఈ ఒకట్లు. ఈరోజు ఒక ఊరు చెప్తా, విను" అన్నాడు. "ఒక ఊరుండాది. ఆ ఊళ్ళో కొండ లేదు. మెట్లు లేవు. అంతా చదును. మోకాళ్ళ నొప్పులోడు గూడా ఈ కొస నుంచి ఆ కొసకి నవ్వుకుంటా పోవచ్చు. వినపడతా ఉండాదా?"

"బాగా వినపడతా ఉండాది. ఊరి పేరేంది భాయ్?"

"నువ్వే పెట్టు."

కిటికీలోంచి చూస్తే స్తంభాల మీద తీగలు ఎండకు మెరుస్తూ పడమటికి పోతున్నాయి. "తీగలపాడు" అన్నాను.

అట్లా పుట్టింది మా ఊరు. మరుసటి రోజు టెస్టింగులో దుత్తలూరు కూడా చేరాడు. ఆయన పోస్టుమాస్టరు, నడివయసు మనిషి, కోతలరాయుడు. చేరిన రోజే తీగలపాడు నడుమ ఒక ఏరు పారించాడు. మామూలు ఏరు కాదు, ఏడాది పొడుగునా నీళ్ళుండే ఏరు. మెట్ట చేలల్లో పుట్టి పెరిగిన మనిషి, వానకోసం మొగులు చూసి చూసి మెడ పట్టేసిన మనిషి, ఇంకేం పెడతాడు! నేను మాత్రం ఆడవాళ్ళు ఒంటరిగా పోయి కూర్చుని టీ తాగే హోటలు పెట్టాను. అప్పట్లో ఆత్మకూరులో నేను హోటల్లో కూర్చుని టీ తాగితే, నేను ఇల్లు చేరేలోపు కబురు మా నాయనకు చేరేది.

"ఆడోళ్ళకి మాత్రమే అయితే గిరాకీ ఎట్టా వస్తాదమ్మా?" అన్నాడు దుత్తలూరు.

"మీరు రాకపోతే చాలు సారూ, అదే వస్తాది" అన్నాను.

రూల్సు వాటంతట అవే ఏర్పడ్డాయి. పొద్దున టెస్టింగులో మాత్రమే కట్టాలి. మనిషికి రోజుకొకటే. ఒకరు పెట్టింది ఇంకొకరు తీయకూడదు. నచ్చకపోతే దాని పక్కన ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఏరు మధ్యలో పడేసరికి నా హోటలు అవతలి గట్టున ఉండిపోయింది. అప్పుడు భాయ్ దాని మీద చెక్క వంతెన వేశాడు, ఉదయగిరిలో వాళ్ళ ఇళ్ళల్లో గరిటెలు చెక్కే చెక్కతో. గరిటెల చెక్క మనుషుల బరువు ఆపుతుందా అని ఆయనా దుత్తలూరూ నాలుగు రోజులు పోట్లాడుకున్నారు. అది తేలకముందే నేను ఆ వంతెన మీద నడిచి అవతలికి వెళ్ళి టీ తాగి వచ్చాను.

నాలుగో రూలు పెట్టింది భాయే. ఒకరోజు దుత్తలూరు, "ఇంత కాలంగా మాట్లాడుకుంటా ఉండాం, ఇంతకీ మన పేర్లేంది, మనం ఏమోళ్ళం, ఏ కులం?" అని అడిగాడు.

"వద్దు సారూ" అన్నాడు భాయ్. "పేరు చెప్తే ఇంటిపేరు అడుగుతారు. ఇంటిపేరు చెప్తే ఏమోళ్ళని తెలిసిపోతాది. ఇంక ఎవురు ఏ వీధిలో ఉండాలనే తగువు మొదలైతాది. మన ఊళ్ళో వీధులు ఇంకా ఏసుకోలా. నా సంగతంటే నా ఉర్దూ దాచినా దాగదులే. మీరన్నా దాక్కోండి."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆత్మకూరులో నేను అడుగు బయటపెడితే ఫలానా మండీ ఆయన కూతురిని. తీగలపాడులో మాత్రం ఉత్త ఆత్మకూరును.

సీతారామపురం మొదట్లో ఏమీ కట్టలేదు. టెస్టింగు కాగానే ఫోను పెట్టేయకుండా వింటూ ఉండేది. ఊపిరి వినిపించేది మాకు. నా ఈడు ఆడమనిషి గొంతు. అక్కడి పోస్టుమాస్టరు మగమనిషి అని మాకు తెలుసు. చాలా రోజులకు నేనొక్కదాన్నే లైను మీద ఉన్నప్పుడు సంగతి చెప్పింది.

"మా మామకి చెవులు సరిగ్గా వినపడవక్కా. ఫోను కాడ నేనే కూచుంటా. ఎవురికీ చెప్పబాకండి, ఆయన పని పోతాది."

ఆ పోస్టాఫీసు వాళ్ళింటి ముందు పంచలోనే ఉండేది. మామ ముద్రలు గుద్దుతుంటే కోడలు ఫోను ఎత్తేది. సర్కారు దగ్గర సీతారామపురం అంటే మామ. మాకు సీతారామపురం అంటే ఆమే. ఇంట్లో ఏదో చప్పుడైతే మాట మధ్యలో గొంతు మార్చి "లైను బాగుండాది" అని టక్కున పెట్టేసేది. పరాయి మగవాళ్ళతో రోజూ కబుర్లాడుతోందని తెలిస్తే ఆ ఇంట్లో ఏమవుతుందో ఆడదాన్ని నాకు వేరే చెప్పనక్కరలేదు.

ఒక పొద్దున అంతా కట్టడం అయిపోయాక సన్నగా అడిగింది. "నేనొక బస్సు పెట్టుకోవచ్చా?"

"పెట్టుకోమ్మా తల్లీ, ఇంతకాలానికి నోరు తెరిచినావు" అన్నాడు దుత్తలూరు.

మరునాడు ఇంకో బస్సు పెట్టింది. ఆ మరునాడు ఇంకోటి. వాళ్ళ ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. సాయంత్రం బస్సు వస్తుందో రాదో దాని డ్రైవరుకు కూడా తెలియదు. తీగలపాడులో మాత్రం గంటకొక బస్సు తిరిగేది. ఊళ్ళో మనుషులకన్నా బస్సులు ఎక్కువైనాయని దుత్తలూరు విసుక్కుంటే, "ఎక్కేదానికి మనుషులు వాళ్ళే వస్తారు సారూ" అంది. ఎక్కడికి పోతాయవి అంటే, "యాడికైనా పోతాయి. యాడికి పోయినా తిరిగొస్తాయి" అంది.

బస్సులు చాలనుకున్నాక తన ఇల్లు కట్టుకుంది. దాన్ని ఒక్కరోజులో చెప్పేయలేదు. ఒకరోజు అరుగు, ఒకరోజు వాకిలి, ఒకరోజు ఫోను పెట్టుకునే చెక్క బల్ల. చివరి రోజు కిటికీ పెట్టింది. "ఫోనుకి ఎదురుగ్గా పెద్ద కిటికీ అక్కా. కూచొని మీతో మాట్లాడతా ఉంటే బస్సులు వచ్చేదీ పొయ్యేదీ కనపడాల." నాకు చెల్లెళ్ళు లేరు. ఆమె మీద నాకు కలిగిన ప్రేమ ఎలాంటిదో అప్పుడు తెలియలేదు గానీ, డ్యూటీకి పరిగెత్తుకుంటూ పోయేది ఆమె గొంతు కోసమే. సెలవు పెట్టిన రోజు ఏదో పోగొట్టుకున్నట్టుండేది.

మా ఊరు ఒకసారి లైను దాటి బజారులో పడింది. వాన జాడే లేని ఒక కార్తె. దుత్తలూరు ఆ పొద్దున మంచి ఊపు మీదున్నాడు. "తీగలపాడు ఏరు రెండు గట్లూ ఒరుసుకొని పారతా ఉండాది. భాయ్ వంతెన మీదకి నీళ్ళెక్కినాయి. బస్సు అవతలే నిలబడిపోయింది" అని అరిచి మరీ చెప్పాడు. ఆ రోజుల్లో ఒక లైను మాట ఇంకో లైనులోకి కారేది. ఉదయగిరిలో ఎవరో లారీ ఆఫీసు మనిషి ఫోను ఎత్తి అది విన్నట్టున్నాడు. ఇంటికి వెళ్ళి అన్నం తింటున్నాను, నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తీగలపాడు యాడుండాదే? ఇన్నేళ్ళు యాపారం చేస్తిని, ఆ ఊరు ఎప్పుడూ వినలా. ఆడ ఏరొచ్చిందంట, పడమటికి పొయ్యే లోడు ఆపేసినాను."

నాకు పొలమారింది. మంచినీళ్ళు తాగి తేరుకునేలోపు ఆయనే అన్నాడు: "లోడు పోతే పోయింది. మన పక్క ఏటికి నీళ్ళొచ్చినాయంటే బో సంతోషంగా ఉండాది." ఆ మొహం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. మరునాడు లైను మీద దుత్తలూరును తగులుకున్నాను. "వరద తీసేయండి సారూ, మా నాయన లోడు ఆగిపోయింది." పెట్టింది తీయడానికి రూలు ఒప్పుకోదని ఆయన, నా మాటంటే మాట అని నేను. చివరికి సీతారామపురమే తీర్పు చెప్పింది. "ఎవురూ తీయబళ్ళేదు. సాయంకాలానికి అదే తీస్తాది. నా బస్సు నిదానంగా దాటతాది."

అలా ఎన్నో ఏళ్ళు సాగింది. ఎనభైల్లోకి వచ్చాం. నాకు పెళ్ళయింది, ఆత్మకూరులోనే కాపురం. మా ఆయనకు తీగలపాడు సంగతి చెబితే, "మరి మనకు ఆడ ఇల్లుండాదా?" అని అడిగాడు. ఆ మనిషి మీద నాకు గురి కుదిరింది ఆ ప్రశ్నతోనే.

తర్వాత వరసగా వానలు పోయాయి. పడమటి ఊళ్ళ నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని జనం బస్సులెక్కడం ఆత్మకూరు బస్టాండులో రోజూ చూసేదాన్ని. ఒక పొద్దున టెస్టింగుకు సీతారామపురం లైను కలిపితే, "హలో, సీతారామపురం" అని మగ గొంతు వచ్చింది. చెవులు బాగా వినపడే, పొడిపొడిగా మాట్లాడే గొంతు. అంకెలు చదివి, "లైను బాగుండాది" అని పెట్టేశాడు.

ఆమె ఏమైందని అడగాలనే ఉంది ముగ్గురికీ. ఏమని అడుగుతాం? ఇన్నాళ్ళు ఇక్కడ మాట్లాడిన కోడలు పిల్ల ఏది అంటే, సర్కారు ఫోను కాడ కోడలేందని మామకు చుట్టుకుంటుంది. పరాయి వాళ్ళు నీ గురించి వాకబు చేస్తున్నారంటే ఆమెకు ఇంట్లో చుట్టుకుంటుంది. అంతకన్నా ముందు, ఏ పేరు పెట్టి అడగాలి? ఆమె ఏ వేళకు ఏ బస్సు నడిపేదో మాకు తెలుసు. ఆమె ఇంటి అరుగు ఎంత ఎత్తో తెలుసు. పేరు తెలియదు. పేరు వద్దన్న భాయ్ మీద నాకు పిచ్చికోపం వచ్చింది. "మీ రూలు మండ" అని అనేశాను కూడా.

"తిట్టు బేటీ, తిట్టు" అన్నాడు ఆయన. అనుభవజ్ఞుడు కనుక, వారం ఆగి కొత్త పోస్టుమాస్టరును మాటల్లో పెట్టాడు. పాత పెద్దాయన పని మానుకున్నాడట. కొడుకు ఇంటిల్లిపాదినీ బెంగుళూరు వైపు కూలి పనులకు తీసుకుపోయాడట.

నేను ఆగలేకపోయాను. సెలవు పెట్టి ఉదయగిరి బస్సెక్కాను. బస్టాండులో కలుస్తానన్నాడు భాయ్. ఆ గొంతును బట్టి ఆరడుగుల మనిషిని వెతుక్కుంటూ నిలబడ్డాను. నా భుజం దాకా వచ్చే బక్కపలచని ముసలాయన పక్కనుంచి, "వినపడతా ఉండాదా?" అన్నాడు. ఒక చిన్న చెక్క గరిటె నా చేతిలో పెట్టాడు, వంతెన చేసిన చెక్క ఇదేనంటూ. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నువ్వొక్కదానివే పోవద్దని మోకాళ్ళు పట్టుకుంటూనే నాతో పాటు సీతారామపురం బస్సెక్కాడు.

పాత పోస్టుమాస్టరు ఇంటికి తాళం వేసి ఉంది, పోస్టాఫీసు కొత్తాయన ఇంటికి మారిపోయింది. ముందు పంచ తాళంచెవి పక్కింటి అవ్వ దగ్గర ఉంది. ఆమె అందులో మేకపిల్లలను కట్టేసుకుంటోంది.

"అడ్రెసా? అడ్రెసు ఎట్టుంటాది తల్లీ" అంది అవ్వ. "బెంగుళూరులో యాడో మేడలు కట్టే కాడ ఉంటారంట. ఆ మేడ అయిపోతే ఇంకో మేడ కాడికి పోతారంట."

"వాళ్ళ కోడలి పేరేందవ్వా?"

"పేరెవురికి తెలుసు! పోస్టాఫీసోళ్ళ కోడలనే పిలుస్తాం. నువ్వు ఆ పిల్లకి ఏమవతావు?"

నేను భాయ్ వంక చూశాను. "ఒక ఊరోళ్ళం" అన్నాడు ఆయన. అవ్వ నన్నూ ఆయన గడ్డాన్నీ మార్చి మార్చి చూసి, పంచ తలుపు తీసింది.

మూలన ఫోను ఉండిన చోట గోడకు తీగ దూరిన రంధ్రం ఉంది. కింద కూర్చునే పీట ఉంది. నేను మేకపిల్లను జరిపి ఆ పీట మీద కూర్చున్నాను. ఎదురుగా మట్టిగోడ. ఇటూ లేదు, అటూ లేదు, ఆ పంచలో ఎక్కడా ఒక్క కిటికీ లేదు. ఇన్నేళ్ళూ మా వంతెననూ, ఏటినీ, గంటకొక బస్సునూ ఆమె ఈ గోడలో చూసింది. నేను అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. భాయ్ బయటికి పోయి నిలబడ్డాడు.

తిరిగొచ్చాక కూడా టెస్టింగు ఆపలేదు. కానీ ఒకరోజు దుత్తలూరు, "ఖాళీగా ఉండే ఇల్లే కదా, అందులో కూరగాయల అంగడి పెడతాం" అన్నాడు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "ఆ ఇంటి గడప తొక్కితే మర్యాద దక్కదు సారూ" అని, వారం రోజులు ఆయనతో ఆఫీసు మాటలు తప్ప ఇంకో మాట ఆడలేదు. ఎనిమిదో రోజు ఆయనే గొంతు సవరించుకున్నాడు. "ఆత్మకూరూ, సీతారామపురం బస్సులన్నీ టైముకే వచ్చినాయి. కిటికీ తెరిచే ఉండాది. పొద్దున పోయి చూసొచ్చినా." నా కోపం నీరుకారిపోయింది. ఆనాటి నుంచి రోజూ ఎవరో ఒకరు ఆ ఇంటినీ బస్సులనూ చూసొచ్చి చెప్పడం మాకు రివాజైంది.

కొన్నాళ్ళకు మా ఆఫీసుకు పెద్ద పెద్ద చెక్క పెట్టెలు వచ్చాయి. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి. ఇక డయల్ తిప్పితే చాలు, నడుమ మనిషి అక్కరలేదు. బోర్డు పీకేస్తారు, ఆపరేటర్లను తలా ఒక చోటికి పంపుతారు. ఊళ్ళో అందరికీ పండగ. మా నాయన కూడా ఫోనుకు డబ్బు కట్టి వచ్చాడు. నాకు మాత్రం ఒకటే దిగులు. ఆమెను వెతకడానికి నాకు దారి లేదు. ఆమె నన్ను వెతకాలన్నా ఈ బోర్డు తప్ప ఇంకో దారి లేదు. ఇది పోతే నేనూ ఉండను, ఆత్మకూరు అని పలికే గొంతే ఉండదు. రేకు మూత పడినప్పుడల్లా ఆశగా తాడు గుచ్చేదాన్ని. బెల్లం, ఎరువులు, సిమెంటు తప్ప ఏమీ వినిపించేది కాదు.

బోర్డు పీకడానికి మనుషులు వచ్చేశారు. వెనక గదిలో సుత్తి చప్పుళ్ళు. భోజనాల వేళ, నెల్లూరు ఆపరేటరు పిలిచింది.

"ఆత్మకూరూ, బెంగుళూరు నుంచి పీపీ కాల్."

పీపీ కాల్ అంటే ఫలానా మనిషికే అని పేరు చెప్పి బుక్ చేసుకునే కాల్. ఆ మనిషి దొరికితేనే కలుపుతారు. పేరు తెలియకపోతే ఆ కాల్ లేదు.

"ఏ నంబరు?" అన్నాను.

"నంబరు లేదు, మీ ఎక్స్ఛేంజికే. మనిషి పేరు..." నెల్లూరు కిసుక్కున నవ్వింది. "పేరు తీగలపాడు అంట! ఇదేం పేరమ్మా? నిన్నగూడా చేసినారంట, అట్టాంటోళ్ళు ఎవురూ లేరని మీ ఆఫీసులోనే చెప్పినారంట. క్యాన్సిల్ చేసేదా?"

"క్యాన్సిల్ చేస్తే నీ కాళ్ళిరగ్గొడతా. ఉండారు. ఈడనే ఉండారు" అన్నాను.

"ఎవురు?"

"నేనే."

గరగర, గరగర, దాని వెనక ఎక్కడో ఊపిరి. ఆ ఊపిరిని నేను నిద్రలో కూడా గుర్తుపడతాను.

"యాడ చచ్చినావే ఇన్నాళ్ళు!" అని అరిచాను.

"నీ పేరు తెలియకపోయె అక్కా" అంది ఏడుస్తూ, నవ్వుతూ. "పేరు లేందే కాల్ ఇయ్యమన్నారు. నాకు తెలిసింది అదొక్కటే గదా."

నేను గబగబా మిగిలిన తాళ్ళు గుచ్చి దుత్తలూరునూ ఉదయగిరినీ కలిపాను. అది రూలుకు విరుద్ధం. రేపో మాపో పీకేసే బోర్డుకు రూలేమిటి?

"వినపడతా ఉండాదా బేటీ?" అన్నాడు భాయ్.

"వినపడతా ఉండాది భాయ్." దుత్తలూరు ముక్కు చీదడం అందరికీ వినిపించింది. ఎలా ఉన్నావంటే, "గోడలకి నీళ్ళు కొట్టే పని. బాగానే ఉండాం" అంది. కాస్త ఆగి, "ఎన్ని మేడలు కట్టినామో అక్కా. ఒక్కదాంట్లో గూడా ఉండలా. మేడ అయిపోతానే మా గుడిసె రేకులు పీక్కొని పోతా ఉంటాం" అంది. ఇంకాస్త ఆగి, భయపడుతున్నట్టు, మెల్లగా అడిగింది.

"నా ఇల్లుండాదా?"

"ఉండాది" అన్నాం ముగ్గురం ఒక్కసారే. "కిటికీ తెరిచే ఉండాది" అన్నాడు దుత్తలూరు. "నీ బస్సులన్నీ తిరగతా ఉండాయి. ఎవుర్నీ గడప తొక్కనియ్యలా ఆత్మకూరు."

టైము దగ్గర పడుతోందని నెల్లూరు హెచ్చరించింది. నేను నా పేరు చెప్పాను, మా ఆయన పేరు, నాయన మండీ, బజారు వీధి, అన్నీ చెప్పాను. ఇంక నేను ఎక్కడికి పోయినా ఆడ అడిగితే చెప్తారన్నాను. ఆమె ఒక్కొక్కటే తిరిగి పలికి కంఠతా పట్టింది.

"నీ పేరు చెప్పు మే, తొందరగా."

ఆమె చెప్పలేదు. "ఈడ మేస్త్రి పొద్దున్నే పేరు పెట్టే పిలుస్తాడక్కా, పనికి. పేరు వినపడిందంటే తట్ట ఎత్తుకోవల్సిందే. నువ్వు పిలవబాక ఆ పేరు. నన్ను సీతారామపురం అనే పిలువు."

"సరే సీతారామపురం" అన్నాను.

"లైను బాగుండాది" అంది ఆమె, పాత రోజుల్లోలాగే. తీగ తెగింది.

తాడు పట్టుకుని అలాగే కూర్చున్నాను. వెనక గదిలో సుత్తి మోగుతూనే ఉంది. నెల్లూరు ఇంకా లైను మీదే ఉంది. అంతా విన్నట్టుంది, ఈసారి నవ్వలేదు.

"ఎవురమ్మా ఆమె? మీకేమవతాది?"

"మా ఊరామె" అన్నాను.